మూడేళ్ల అల్లుడు

విశాఖ ఎంవీపీ కాలనీలో మా పక్కవాటా. అప్పారావు గారు వరండాలో ఫోన్ పైకి చదువుతున్నారు. జానకి గారు వంటింట్లోంచి, మిక్సీ హోరులో సగం సగం వింటున్నారు. పెళ్లిళ్ల పేరమ్మకి ఉదయమే ఫోన్ చేశారావిడ. మా రెండు వాటాల మధ్య గోడ పేరుకే.

"ఇదిగో, బెంగళూరుది వచ్చింది. ఎమ్మెస్సీ, నెట్ గానీ గేట్ గానీ పాసవ్వాలి. వయసు 28 దాటకూడదు."

"మంచిదే, పిల్లకి 24. జీతం?"

"37,000. ఇంటద్దె వేరే. రెండేళ్లయ్యాక 42,000."

"పరవాలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. మీరు పెళ్లిచూపుల్లో ఓవర్‌టైమ్ కూడా కలిపేసి చెప్పారు."

"అదిప్పుడెందుకే! అయితే ఇది మూడేళ్లకే."

"ఏటి మూడేళ్లకే?"

"కాంట్రాక్టు. పని నచ్చితే పొడిగిస్తారు. లేదంటే నెల ముందు నోటీసిచ్చి పంపేస్తారు."

మిక్సీ ఆగింది.

"నోటీసా? ఆ సదుపాయం ఉందని నాకెవరూ చెప్పలేదే! ఎప్పుడో ఇచ్చేదాన్ని."

"అందరికీ అదే రూలు. ఆడవాళ్లకి వయసులో 5 ఏళ్లు సడలింపు కూడా ఉంది."

"అంటే 33 ఏళ్లదైనా చేసుకుంటాడా? వీడేం మనిషండీ!"

"అనుభవం ఉంటే ఇంకా మంచిదట."

"అనుభవమా! శివ శివా!"

"ఇంతకుముందు ఎక్కడైనా చేసుంటే అక్కణ్ణించి ఎన్‌ఓసీ, అదే అభ్యంతరం లేదనే కాగితం, తేవాలి."

"మా పిల్ల ఇంతకుముందు ఎక్కడ చేసిందండీ? సింహాద్రి అప్పన్న సాక్షిగా, నా కూతురు నిప్పు!"

"అరవకే. రానూపోనూ ఛార్జీలు కూడా ఇవ్వరట."

"పిల్లనిచ్చే మనల్నే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రమ్మంటాడా? ఏం, వాడికి విశాఖ కనబడలేదా? మీరు మాత్రం ఇంత విని కూడా వాణ్ణి వెనకేసుకొస్తున్నారు!"

"వాడెవడే? ఇది యూనివర్సిటీలో రీసెర్చ్ ఫెలో పోస్టు. అమ్మాయికి!"

కాసేపు ఏ చప్పుడూ లేదు.

"మరి పెళ్లికొడుకు?"

"పెళ్లికొడుకు ఎక్కణ్ణించి వచ్చాడే!"

"బాగుంది. ఉన్న మొగుణ్ణి వదిలేసి, లేని అల్లుణ్ణి ఇంతసేపు తిట్టాను. ఆఖరి తేదీ ఎప్పుడు?"

"ఈరోజే. సాయంత్రం అయిదింటికి."

"ఇప్పుడు నాలుగున్నర!"

"కంగారెందుకు? ఫారం నేను నింపుతాను."

"మీరు నింపితే అర్హత దగ్గర 'స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్' అని రాస్తారు, ఉద్యోగం మీకే వస్తుంది. మూడేళ్లు బెంగళూరులో మీకు ఉప్మా ఎవరు చేసిపెడతారు? ఫోన్ ఇలా ఇచ్చి దాన్ని లేపండి. టీ అక్కడే పెట్టాను. పంచదార వెయ్యలేదు, మొహం చిట్లించకుండా తాగండి."