పాత కత్తుల వేలంపాట గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆన్‌లైన్ వేలంపాట గారి సముఖానికి, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక మాసిన గడ్డం విన్నవించుకునేది ఏమనగా, ఇక్కడ క్షేమం, తమరి క్షేమం గురించి అనుమానమే అక్కరలేదు.

మా ఊరికి వేలం కొత్త కాదు. మా మిర్చి యార్డులో వ్యాపారి బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, రంగు చూసి, తేమ చూసి, తాలుకాయలు ఎన్ని కలిశాయో చూసి, ఆ తరువాతే ధర చెబుతాడు. ఎంత అనుమానపు మనుషులు! తమరు మాకు ఆ అవస్థ తప్పించారు. ఇంగ్లండు షెఫీల్డ్‌లోనో జర్మనీ సోలింగెన్‌లోనో పుట్టిన మంగలికత్తి సముద్రాల అవతల ఉంటుంది, మా ముందు అయిదు ఫొటోలు ఉంటాయి. వాటిలో మూడు అట్టపెట్టె మూతవి, మిగిలిన రెండింటిలో కత్తి మూసి ఉంటుంది.

కత్తికి అంచే ప్రాణమని మాలాంటి మొరటువాళ్లం అనుకుంటాం. అంచున సన్నటి పగులు ఉంటే అది పోయేదాకా అరగదీయాలి, ఈలోగా కత్తే మిగలకపోవచ్చు. తుప్పు గుంటలు అంచుదాకా పాకితే నూరినకొద్దీ అంచు రాలుతూనే ఉంటుంది. పైగా మంగలికత్తిని వెన్నూ అంచూ రెండూ రాతికి ఆనించి నూరుతారు కనుక, తరాల తరబడి తప్పుగా నూరిన కత్తికి వెన్ను చదునై, అంచు మధ్యలో లోపలికి కుంగిపోతుంది. తమ వర్ణనలో ఇది ‘తాతగారు ప్రేమగా వాడుకున్నది’. తుప్పు పేరు ‘కాలం అద్దిన వన్నె’. పిడి సంగతి మరీ ముచ్చట: దంతంలా మెరిసే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ చెడిపోవడం మొదలుపెడితే ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, తనలో మడిచి దాచిన కత్తిని తానే తినేస్తుంది.

కాలనిర్ణయంలో తమరి ఔదార్యానికి హద్దు లేదు. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం వల్ల, మరుసటి ఏడాది నుంచి ఆ దేశానికి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు వేయవలసి వచ్చింది. అందుకే ‘జర్మనీ’ అన్న ముద్ర కనిపిస్తే కత్తి ఆ తరువాతిదై ఉంటుందని జాగ్రత్తపరులు లెక్కగడతారు. తమ దగ్గర అదే ముద్రతో 1840లో తయారైన కత్తులు దొరుకుతాయి. జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది 1871లో కాబట్టి వాటిని కత్తులనడం కన్నా జోస్యాలనడం న్యాయం.

‘గడ్డం గీసుకోవడానికి సిద్ధం’ అని తమరు హామీ ఇచ్చిన కత్తిని మా వీధి సెలూన్ యజమానికి చూపించాను. బొటనవేలు అంచుకు అడ్డంగా ఆనించి చూసి, “కవర్లు చింపుకోవడానికి బాగుంటుందండీ” అని, తన కత్తిలో కొత్త బ్లేడు సగానికి విరిచి పెట్టుకున్నాడు.

ఇక పాట ముగిసే తీరు. మా వినాయకుడి లడ్డూ వేలంలో ‘ఒకటోసారి, రెండోసారి’ అని పిలిచి, జనం వంక ఒకసారి చూసి, అప్పుడు ‘మూడోసారి’ అంటారు. పాడదలచినవాడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. తమరు ఆ అధికారాన్ని గడియారానికి అప్పగించారు. అమెరికాలో ఆదివారం సాయంత్రమంటే మాకు సోమవారం తెల్లవారుజాము. వారమంతా పైపాటలో ఉన్నవాడు కళ్లు నులుముకునేలోగా, ఆఖరి మూడు సెకన్లలో ఎవరిదో సాఫ్ట్‌వేర్ వచ్చి కత్తి ఎత్తుకుపోతుంది. ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ముందే రాసి నిద్రపొమ్మని తమరి సలహా. సలహా మంచిదే, కానీ అంత నిగ్రహం ఉన్నవాడు ముప్పై కత్తులున్న ఇంట్లో ముప్పై ఒకటోదాని కోసం ఎందుకు వెతుకుతాడు?

కనుక ప్రార్థించేది ఒక్కటే. కత్తి పూర్తిగా తెరిచి, కిటికీ వెలుగులో, పిడి వైపు మడమ నుంచి మొన దాకా అంచు కనిపించేలా ఒక్క ఫొటో పెట్టించండి. అది కుదరదంటే, ఈ సోమవారం ముగియబోయే ఆ షెఫీల్డ్ కత్తి పిడి పశువు కొమ్ముతో చేసిందో సెల్యులాయిడ్‌తో చేసిందో చెప్పినా చాలు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎప్పటిలాగే రెండో స్థానంలో ఉన్న పాటగాడు