ఈశాన్యం ఖాళీ

మా మావయ్యగారికీ అత్తయ్యగారికీ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, ట్రంకుపెట్టె అడుగున దొరికిన వాళ్ళ పెళ్ళి ఫొటోని మా ఆవిడ స్టూడియోలో ఇచ్చి 12 బై 15 సైజుకి పెద్దది చేయించింది. ఇక పటం కట్టించడమే మిగిలింది. ఫ్రేముల షాపతను 750 రూపాయలన్నాడు. నాలుగు కర్రముక్కలు, ఒక అద్దం, వెనకాల ఒక అట్ట. దానికి 750! బ్యాంకులో ఇరవై రెండేళ్ళుగా జనం ఖర్చుల్ని అనుమానంగా చూసే ఉద్యోగం నాది. సొంత ఖర్చుని ఊరికే వదులుతానా?

"ఆ మాత్రం నేను చెయ్యలేనా?" అన్నాను.

ఈ మాట అన్నాక వెనక్కి తగ్గిన మగవాడు మా వంశంలో లేడు. ఇదే మాట అని మా నాన్న ఒకసారి ఫ్యూజు వేస్తే వీధి మొత్తానికి కరెంటు పోయింది.

హార్డ్‌వేర్ షాపులో ఎనిమిదడుగుల బీడింగులు రెండు, రంపం ఒకటి, మూలలు కోయడానికి 45 డిగ్రీల గాట్లున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఫెవికాల్, మేకులు కొన్నాను. అద్దం, అట్ట వేరే. మొత్తం 1,140 అయింది. మా ఆవిడ బిల్లు చూసి ఏమీ అనలేదు. తీసుకెళ్ళి క్యాలెండర్ మేకుకి గుచ్చింది.

మావయ్యగారు రిటైరయిన లెక్కల మాస్టారు. నేను బాల్కనీలో సరంజామా పరవగానే పడక కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకున్నారు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ ఎలా కూర్చుంటాడో అలా.

బీడింగ్‌ని డబ్బాలో పెట్టి, గాటులో రంపం దూర్చి కోశాను. కర్రని ముందుకి జరిపి, అదే గాటులో మళ్ళీ కోశాను. ఒక ముక్క చేతికొచ్చింది. అదే ఊపులో నాలుగూ కోసేసి నేల మీద పేర్చాను. ఏ రెండూ కలవడం లేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఒకదాన్ని బోర్లిస్తే ఒక మూల చక్కగా కలిసింది కానీ, అద్దం కూర్చోవలసిన గాడి పైకొచ్చి ఆకాశం చూస్తోంది.

"అల్లుడుగారూ, ఇప్పుడు కోసిందేమిటి?" అన్నారు మావయ్యగారు.

"కర్ర ముక్కండీ."

"ఆకారం అడుగుతున్నాను. రెండు కొసలూ ఒకే వైపు వాలాయి. అది సమాంతర చతుర్భుజం. మీకు కావలసింది సమలంబ చతుర్భుజం. ఒక కొస అటు వాలితే రెండోది ఇటు వాలాలి. తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు."

ఆ డబ్బాకి అటు వాలుగా ఒకటి, ఇటు వాలుగా ఒకటి రెండు గాట్లు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా రెండోది ఎడమచేతి వాటం వాళ్ళ కోసమేమో అనుకున్నాను.

రెండో ప్రయత్నంలో వాలు కుదిరింది, కొలత చెడింది. ఫొటో 12, 15 కదా అని బీడింగ్ బయటి అంచు మీద సరిగ్గా 12, 15 గుర్తు పెట్టి కోశాను. తీరా నాలుగూ పేర్చి ఫొటో మీద పెడితే లోపల 9 బై 12 మాత్రమే కనిపిస్తోంది. దంపతులు క్షేమం. ఎడం పక్కన నిలబడ్డ పురోహితుడు మాయం. కుడి పక్కన ఉన్న అత్తయ్యగారి మేనమామ సగం.

"పోనీ, ఫొటో అంచులు కొంచెం కత్తిరిస్తే?" అన్నాను.

"బాబూ, మా మేనమామ లేకపోతే అసలా పెళ్ళే లేదు," అన్నారు అత్తయ్యగారు. మావయ్యగారు ఆ సగం మేనమామని చూసిన చూపులో, కత్తిరిస్తే తనకేమీ అభ్యంతరం లేదన్న భావం నాకు కనిపించింది. కానీ పైకి లెక్కే చెప్పారు. బీడింగ్ వెడల్పు ఒకటిన్నర అంగుళం. రెండు వైపులా కలిపితే 3. అందులో గాడిలో దూరే పావు అంగుళం చొప్పున తీసేస్తే రెండున్నర. అంటే బయటి కొలత 14న్నర, 17న్నర ఉండాలి. "ఫొటో ఇరుక్కుపోకుండా ఇంకో రెండు మిల్లీమీటర్లు ఎక్కువే వేసుకోండి," అని మార్కులు కలిపారు.

మళ్ళీ బీడింగులు కొన్నాను. క్యాలెండర్ మేకుకి రెండో బిల్లు ఎక్కింది.

మూడోసారి కోసిన ముక్కల్ని హాల్లో నేల మీద పేర్చి, ఫెవికాల్ రాసి ఒక్కో మూలా అంటించాను. నైరుతి మూల భేషుగ్గా కలిసింది. ఆగ్నేయం కలిసింది. వాయవ్యం కూడా, కాస్త మోకాలితో అదిమితే, కలిసింది. ఇక ఈశాన్యం. బయట ముక్కు ముక్కుకి తగులుతోంది, లోపల మాత్రం మూల నోరు తెరుచుకుంది. ఏటీఎం కార్డు పెట్టి చూశాను. దూరింది. దాని పక్కన పాన్ కార్డు పెట్టాను, అదీ దూరింది. ఆధార్ కూడా పట్టింది. ఆ సందులోనే ఒక మనిషికి కేవైసీ పూర్తి చెయ్యొచ్చు.

మావయ్యగారు మా వాడి జామెట్రీ బాక్సులోంచి కోణమాని తెచ్చి, ఒక్కో కొసా కొలిచారు. ప్రతీదీ 44న్నర. డబ్బాలో గాటు రంపం కన్నా వెడల్పు. కోస్తున్నప్పుడు రంపం అందులో పెళ్ళి ఊరేగింపులా అటూ ఇటూ ఊగింది.

"అర డిగ్రీయే కదండీ," అన్నాను.

"నాలుగు మూలలకి ఎనిమిది కోతలు. ఎనిమిది అరలు ఎంత?"

"నాలుగు."

"మూడు మూలలు మీరు అదిమి కలిపేశారు. ఆ నాలుగు డిగ్రీలూ ఎక్కడికి పోతాయి? అన్నీ వచ్చి నాలుగో మూలలో కూర్చున్నాయి."

బ్యాంకులో మార్చి 31 సాయంత్రం లెక్క తేలనప్పుడు కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

"ఈశాన్యం ఖాళీగా, తెరిచి ఉంటే మంచిదే బాబూ. వాస్తు కుదిరింది," అన్నారు అత్తయ్యగారు. ఆ ఇంట్లో నా పక్షాన మాట్లాడింది ఆవిడొక్కరే.

వర్షాకాలం, కర్ర చెమ్మకి ఉబ్బి ఉంటుందని సర్దిచెప్పబోయాను. చెమ్మకి కర్ర వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో పెద్దగా మారదు. అలా ఉబ్బితే మూల బయటి వైపు విచ్చుకుంటుంది, ఎండాకాలం ఆరితే లోపలి వైపు. నాది లోపలి వైపు విచ్చుకుంది కాబట్టి తప్పు రుతువు మీదికి నెట్టే వీలు కూడా లేకుండా పోయింది.

అయినా వదల్లేదు. రంపపు పొట్టుని ఫెవికాల్‌లో కలిపి ముద్ద చేసి సందులో కూరాను. ఆరాక ఎమరీ పేపర్ రుద్ది, పైన టేకు రంగు వేశాను. కర్ర రంగు పీల్చుకుంది, జిగురు పీల్చుకోలేదు. మూడు మూలలు టేకు, నాలుగో మూల పెరుగన్నం.

అప్పుడొచ్చిందండీ ఆ ఐడియా. "పైనుంచి ఒక గంధపు దండ వేస్తే ఆ మూల కనపడదు కదా!"

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. "మా అమ్మా నాన్నా ఎదురుగా కూర్చుని ఉండగా వాళ్ళ పటానికి దండ వేస్తారా?"

మావయ్యగారు కోణమానిని డబ్బాలో పెట్టి మూత వేశారు. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఫొటో, అద్దం, నా ఫ్రేము సంచిలో వేసుకుని అదే షాపుకి వెళ్ళాను. అతని దగ్గర రంపమే లేదు. కాలితో తొక్కే యంత్రం ఒకటుంది. దానికి రెండు కత్తులు వి ఆకారంలో కలిసి ఉన్నాయి. బీడింగ్ పెట్టి రెండుసార్లు తొక్కాడు. సమోసాలాంటి ముక్కోణపు ముక్క కింద పడింది. ఈ కర్ర కుడి కొస, తర్వాతి కర్ర ఎడం కొస ఒకేసారి తెగాయి. కోసిన చోట వేలు పెట్టి చూశాను. గాజులా నున్నగా ఉంది. ఎదురు భుజాన్ని టేపుతో కొలవలేదు, మొదటి ముక్కనే దాని పక్కన ఆనించి కోశాడు. ఇరవై నిమిషాల్లో పటం తయారు.

డబ్బులిస్తుంటే సంచిలోంచి నా ఫ్రేము బయటికి తొంగి చూసింది. దాన్ని తీసి, ఈశాన్యం వైపు కాసేపు చూసి, "ఎవరు చేశారు సార్ ఇది?" అన్నాడు.

"మా వీధిలో ఒక కుర్రాడు."

"వాడికి డబ్బులు ఇచ్చేశారా?"

"మొత్తం," అన్నాను.

ఇంటికొచ్చి హాల్లో తగిలించాం. మావయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు మూలలూ చూశారు. కోణమాని కూడా అడిగారు. తొంభై, తొంభై, తొంభై, తొంభై. తృప్తిగా తలాడించి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూశారు.

"మూలలు సరే. పటమే కుడి వైపుకి వాలింది. మేకు ఎవరు కొట్టారు?"