వారం రోజులు, నలభై పేజీల ఘనకార్యాలు

ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 5 దాకా గడిచిన వారానికి విశాఖ విద్యాచరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించాలి. మా కాలనీ పక్కనున్న హైస్కూలు ఆ వారంలో సాధించిన విజయాల నివేదిక తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి పీడీఎఫ్‌గా వచ్చింది. ఫొటోలతో కలిపి నలభై పేజీలు. పాఠాలు ఎంతవరకూ అయ్యాయన్న చిల్లర విషయం అందులో లేదు. పెద్ద పనుల్లో ఉన్నవాళ్ళని అలాంటివి అడగడం మర్యాద కూడా కాదు.

ఆగస్టు 29 గిడుగు రామ్మూర్తి పుట్టినరోజు, అంటే తెలుగు భాషా దినోత్సవం. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా అదే, అంటే జాతీయ క్రీడా దినోత్సవం. ఒక్క షామియానా అద్దెతో రెండూ కానిచ్చేశారు. పొద్దున్న భాష, మధ్యాహ్నం ఆటలు.

1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, జనం మాట్లాడే తెలుగే బడిలోనూ ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి గిడుగు. ఆయన గురించి తెలుగు మాస్టారు గంటసేపు 'తద్భాషా సముద్ధరణైక దీక్షాదక్షుడు' స్థాయికి తగ్గకుండా ఉపన్యసించారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరికీ గౌరవం కలిగింది. తర్వాత ఎనిమిదో క్లాసు పాప తెలుగు తియ్యదనం మీద తడబడకుండా ప్రసంగించింది. చేతిలో కాగితం మీద ఆ తియ్యదనమంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. నివేదికలో ఆరో పేజీ ఫొటోని పెద్దది చేసి చూస్తే మీకూ కనబడుతుంది.

ఇక ఆటలు. స్కూలుకి గ్రౌండు లేదని గిట్టనివాళ్ళు గొణుగుతుంటారు. సెల్లార్ ఉంది కదా! బస్సులు రోడ్డు మీదికి తీయించి, పిల్లర్ల మధ్య సున్నంతో గీతలు గీసి పరుగుపందెం పెట్టారు. పిల్లర్‌ని గుద్దుకోకుండా మలుపు తిరిగినవాడే విజేత. ధ్యాన్‌చంద్ వెన్నెల్లో సాధన చేసేవాడని చెబుతారు. మా పిల్లలకి ట్యూబ్‌లైట్లే ఉన్నాయి, ఒకటి రెండు కొట్టుకుంటున్నా సరే. హాకీ స్టిక్ మొత్తానికి ఒకటే కావడంతో దాన్ని ముఖ్య అతిథి చేతికిచ్చి ఫొటో తీశారు.

మంగళవారం విజ్ఞాన యాత్ర. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, మరుసటేడు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఒడ్డుకెక్కిన కురుసుర జలాంతర్గామికి తీసుకెళ్ళారు. పొడవు 91 మీటర్లు. ఒక కొసన ఎక్కి రెండో కొసన దిగడమే, మధ్యలో గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరుతూ, వెనకనుంచి "కదలండి, కదలండి" అన్న కేకల మధ్య. అంత తోపులాటలోనూ ఒక కుర్రాడు ఆగి గైడుని అడిగాడు: "ఇంతమంది రోజుల తరబడి నీళ్ళ కింద ఉంటే మరి బాత్రూములు ఎన్నున్నాయండీ?"

గైడు ముఖం వెలిగింది. చెప్పబోయేలోపే మేడమ్ కలగజేసుకున్నారు. "అడగాల్సిన ప్రశ్నేనా అది? ముందుకి నడు!"

నివేదికలో ఈ ఘట్టం 'నౌకాదళ సాంకేతికతపై సమగ్ర అవగాహన'గా నమోదైంది.

బుధవారం అల్పపీడనం పుణ్యమా అని సెలవు. 2014లో హుద్‌హుద్‌ని చూసిన ఊరు కాబట్టి ఆ రోజుకి 'విపత్తు సంసిద్ధత దినం' అని పేరు పెట్టి, పిల్లలు ఇంట్లో క్షేమంగా ఉన్న ఫొటోలు పంపమన్నారు. మంచాల మీద ముసుగుతన్ని పడుకున్న పిల్లలతో మూడు పేజీలు నిండాయి.

ఒలింపియాడ్ బంగారు పతకాల గురించి ఎక్కువ చెప్పను. ఫీజు కట్టిన ప్రతివాడికీ వచ్చింది, కట్టనివాడికి రాలేదు. ఇంత పారదర్శకమైన పోటీ ఇంకొకటి చూపించండి.

చివరిగా గురుపూజోత్సవం. వ్యాసరచన పోటీలో ఒకమ్మాయి, సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్రా యూనివర్సిటీకే వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారని రాసింది. నిజమే. కానీ గైడులో లేదు కాబట్టి ఎర్ర సిరాతో కొట్టేశారు. కొత్త విషయాలు అలవాటైతే పబ్లిక్ పరీక్షల్లో ప్రమాదం.

ఆ రోజు పదో తరగతి పిల్లలే టీచర్లు. సైన్స్ సారు వేషంలో ఉన్న కుర్రాడు, జేబులో రెండు పెన్నులతో, తొమ్మిదో క్లాసులోకి వచ్చాడు. రావడమే ఫోన్ తీసి కిటికీ దగ్గర సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరిగాడు. "యాప్ ఓపెన్ అవట్లేదు, సైలెంట్‌గా ఉండండ్రా" అన్నాడు. పీరియడ్ సగం అయ్యాక బోర్డు మీద పాఠం పేరు రాసి, దాని కింద గీత గీసి, వెనక్కి తిరిగాడు. "అందరూ పుస్తకాలు తెరవండి. నవ్వొద్దు, శ్రద్ధగా చూడండి. ఆ, అయిపోయింది, మూసేయండి."

ఉత్తమ ఉపాధ్యాయుడిగా సర్టిఫికెట్ వాడికే ఇచ్చారు.