మోర్గాన్ డాలర్‌కు మంగళస్నానం

చింతపండు చారుకే కాదు, అమెరికా ఖజానాకూ పనికొస్తుందని మనవాళ్లలో కొందరు కనిపెట్టారు. పాత మోర్గాన్ వెండి డాలర్ చేతికి చిక్కిందంటే చాలు, దానికి మంగళస్నానం జరగాల్సిందే. 1878 నాటి నాణెం నల్లగా ఉంటే ఇంటికి అరిష్టం కాబోలు.

ముందు చింతపండు గుజ్జు పట్టిస్తారు. లొంగకపోతే వంటసోడా. అప్పటికీ నాణెం మీది లిబర్టీ అమ్మవారి చెవి పక్కన మచ్చ కనిపిస్తే బ్రష్షూ పేస్టూ రంగంలోకి దిగుతాయి. ఒకరు తోముతారు. ఇంకొకరు పక్కన నిలబడి "ఆ డేగ రెక్కల సందులో చూడు, ఇంకా మురికుంది" అని పర్యవేక్షిస్తారు. ఆఖర్న పంచె చెంగుతో ఒత్తి తుడిచి, ఫోటో తీసి, "తళతళలాడుతోంది కదండీ, ఎంతొస్తుంది?" అని అడుగుతారు.

నాణెం బరువు 26.73 గ్రాములు. అందులో వెండి 90 శాతం. తోమాక ఇంచుమించు ఆ వెండి ఖరీదే వస్తుంది, సంతోషించండి. నాణేలు సేకరించేవాళ్లు పైన ఇచ్చేది పోయినట్టే.

ఎందుకంటే, టంకశాలలో అచ్చు బలంగా పడ్డప్పుడు లోహం అంచుల వైపు పారి, కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి. నాణేన్ని అటూ ఇటూ వంచితే వెలుగు బండిచక్రంలా తిరిగేది వాటి వల్లే. పేస్టులోని గరుకు పొడి వాటినే అరగదీస్తుంది. ఆపైన మిగిలేది స్టీలు గ్లాసు మెరుపు. ఇక ఆ నలుపు బయటి మురికి కాదు, గంధకం తగిలి మారిన వెండే. నిమిషంలో తెల్లబరిచే ఆమ్లపు 'డిప్' కూడా ఆ పొరను కరిగించే పనే చేస్తుంది. నాణేల నాణ్యతకు మార్కులేసే గ్రేడింగ్ వాళ్లు 70కి ఇన్ని అని అంకె వేయకుండా 'కడిగినది' అని రాసి పంపితే మళ్లీ వాళ్ల మీదే కోపం!

మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో నాణేనికి పట్టే ఆకుపచ్చ జిగురును మాత్రం తీసెయ్యాలి. గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి (గోళ్ల రంగు తుడిచేది కాదు), పొయ్యికి దూరంగా, కాసేపు ముంచి ఉంచి, తీసి ఆరనివ్వాలి. రుద్దకూడదు. రుద్దకూడదంటే రుద్దకూడదు.

1918 నాటి అమెరికా పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. ఆ వెండిలో చాలా భాగాన్ని బ్రిటన్ కొన్నది మన దేశంలో రూపాయల కోసమే. ఆ కొలిమిని తప్పించుకున్న నాణెమయ్యా అది! 1889లో కార్సన్ సిటీ టంకశాలలో కొట్టినవే 3,50,000. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 1,00,000. చట్టం చేసి మరీ కరిగించినా మిగిలినదాన్ని, సింకు దగ్గర పది నిమిషాల్లో చంపేస్తావా? అది పాచిపళ్లా, తోమడానికి?

ఇంత చెప్పాక ఒకరిద్దరు తోమడం మానేస్తారు. మానేసి కంసాలి దగ్గరికి వెళ్తారు. మన భాషలో డాలర్ అంటే గొలుసుకు వేలాడాల్సిందే కదా, పైన రింగు అతికించమంటారు. అతుకు పట్టాలంటే ముందు శుభ్రంగా తోముకు రమ్మంటాడు ఆయన.