మంచం పక్కన మనిషి కావాలి

మన ఊళ్లలో ఒక మంచి అలవాటు ఇంకా బతికే ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు. పక్కింటివాళ్లే అన్నం, చారు వండి పంపుతారు. పాడె కట్టడానికి పిలవకుండానే నలుగురు వస్తారు. పెద్దకర్మ దాకా ఎవరో ఒకరు అరుగు మీద కూర్చునే ఉంటారు. అదే మనిషి అంతకుముందు ఏడాది పాటు పక్షవాతంతోనో, క్యాన్సర్‌తోనో మంచంలో ఉన్నప్పుడు మాత్రం ఆ గుమ్మం తొక్కేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లు కూడా నాలుగు పళ్లు చేతిలో పెట్టి, డాక్టర్లు ఏమన్నారని అడిగి, ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తారట అని చెప్పి పది నిమిషాల్లో లేస్తారు. వాళ్లకు ప్రేమ లేదని మేము అనడం లేదు. అంతకు మించి ఏం చేయాలో తెలియదు, నేర్పేవాళ్లు లేరు. నేర్పే ఏర్పాటు ప్రతి మండలంలో ఉండాలన్నదే మా మాట.

"ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని ఆసుపత్రిలో చెప్పిన రోజు నుంచి అసలు కష్టం మొదలవుతుంది. జబ్బు నయం కాకపోవచ్చు. నొప్పి, ఆయాసం, పడక పుండ్లు, భయం మాత్రం తగ్గించవచ్చు. ఆ పని చేసేదే పాలియేటివ్ కేర్, ఉపశమన వైద్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి ఈ సేవ అవసరం. అందుతున్నది సుమారు 14 శాతం మందికే. మన దేశంలో 2012లోనే దీనికోసం జాతీయ కార్యక్రమం తెచ్చారు. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మాత్రలు రోగులకు అందడం తేలిక కావాలని 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. తెలంగాణలో జిల్లా కేంద్రాల ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టారు, 'ఆలన' పేరుతో ఇళ్లకు వెళ్లే వాహనాలు నడిపారు. మంచి ప్రయత్నం. కానీ నర్సు వచ్చి పుండు కడిగి, మందులిచ్చి వెళ్లాక మళ్లీ ఆ బండి వచ్చేదాకా రోజులన్నీ ఇంటివాళ్లవే.

ఇంటివాళ్లంటే చాలాచోట్ల ఒక్క మనిషే. భార్యో, కోడలో. కొడుకు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు, డబ్బు పంపుతాడు, వీడియో కాల్‌లో కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఇక్కడ ఆమె రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపు మీద పుండు పడుతుంది. జావ చెంచాతో పట్టాలి, గొంతులో అడ్డం పడకుండా తల ఎత్తి పట్టుకోవాలి. పక్క బట్టలు మార్చాలి. రాత్రి మూలుగు వినిపిస్తే లేవాలి. ఇలా నెలల తరబడి. బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టడానికీ, తన బీపీ చూపించుకోవడానికీ, బంధువుల పెళ్లిలో ఒక పూట కూర్చోవడానికీ ఆమెకు వీలుండదు. అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అంటుంది. రోగి ఫైలులో ఈమె పేరు ఎక్కడా ఉండదు. వారానికి రెండు గంటలు ఎవరైనా వచ్చి మంచం పక్కన కూర్చుంటే, ముందుగా ఊపిరి పీల్చుకునేది ఆమే.

ఇది జరిగే పనేనా అని సందేహపడేవాళ్లు కేరళ వైపు చూడాలి. 1993లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, వారి మిత్రులు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఎంత బాగా చూసినా, కదలలేని రోగి అక్కడిదాకా రాలేడని వాళ్లకు త్వరలోనే అర్థమైంది. అప్పుడు మలప్పురం జిల్లా ఊళ్లలో మామూలు జనాన్ని కూడగట్టారు. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లకు శిక్షణ ఇచ్చి, నర్సుతో పాటు ఇళ్లకు పంపారు. ఖర్చులో ఎక్కువ భాగం ఆ ఊళ్లోనే చిన్న చిన్న విరాళాలుగా పోగైంది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, ఇంటి దగ్గర సేవ బాధ్యతను పంచాయతీల చేతికి ఇచ్చింది. ఇందులో మాకు నచ్చింది వరుస. ముందు ఊరు కదిలింది, తర్వాత ప్రభుత్వం దాని వెనక నిలబడింది.

ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్ అనే మాట వినగానే ఇప్పటికీ చాలామందికి 2019లో ప్రభుత్వం తెచ్చిన వాలంటీర్ల వ్యవస్థ గుర్తొస్తుంది. 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేవి. ఆ వ్యవస్థ మంచిచెడ్డల చర్చ వేరే. మేము చెబుతున్నది జీతం, పార్టీ, ఫోన్‌లో యాప్ ఏవీ అక్కర్లేని పాత అర్థంలో వాలంటీరు గురించి. రిటైరైన టీచరు కావచ్చు, డిగ్రీ విద్యార్థి కావచ్చు, మధ్యాహ్నం ఖాళీ దొరికే ఆటో డ్రైవర్ కావచ్చు.

అలాంటి వాలంటీరు చేయగల పనులు చాలానే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. దానికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ కావాలి. మంచం దిగలేని మనిషికి గ్రామ సచివాలయంలో స్లాట్ బుక్ చేయడం, చెప్పిన రోజున ఆసుపత్రికి చేర్చడం, వరుసలో నిలబడటం ఒక్క ముసలావిడ వల్ల అయ్యే పనులా? ఇలాంటి చోట పక్కన ఒక మనిషి ఉండటం మందుతో సమానం. గడ్డం గీయడం, పేపర్ చదివి వినిపించడం, పక్కకు తిప్పేటప్పుడు రెండో చెయ్యి వేయడం కూడా సేవే. ఒక్కోసారి ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం కూడా.

దీనికి శిక్షణ తప్పనిసరి. మంచి మనసు ఒక్కటే చాలదు. వాలంటీరు సూది వేయకూడదు, మందు మార్చమని చెప్పకూడదు. "ఏం కాదు, తగ్గిపోతుంది" అని అబద్ధపు ధైర్యం ఇవ్వకూడదు. ఆ ఇంట్లో విన్నది బయట చెప్పకూడదు. మతం మాటలు, డబ్బు లావాదేవీలు గుమ్మం బయటే వదిలేయాలి. ఇంకో మాట గట్టిగా చెప్పాల్సి ఉంది. రోగి పక్కన నిలబడి ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టడం సేవ కాదు, ఆ మనిషికి అవమానం. ఒప్పుకున్న రోజున రాకపోవడం కూడా తప్పే. వస్తానన్న మనిషి కోసం మంచంలోని మనిషి పొద్దున్నుంచి గుమ్మం వైపే చూస్తూ ఉంటాడు.

మంచాన పడ్డవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు తెలుసు. ఆ కుటుంబాలను అడిగి, ఒప్పుకున్నవారి వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంచడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. పాలియేటివ్ కేర్‌లో అనుభవమున్న నర్సులతో మండలానికి ఒక శిక్షణ శిబిరం పెట్టవచ్చు. సొంతూరికి ఏదైనా చేయాలని ఆరాటపడే ప్రవాసులు గుడికి, స్వాగత తోరణానికి పంపే డబ్బులో కొంత గాలి పరుపులకు, చక్రాల కుర్చీలకు, నర్సు జీతానికి పంపవచ్చు. పంచాయతీలో ఒక గది ఇస్తే అవి అక్కడుంటాయి. ఒకరి అవసరం తీరాక ఇంకొకరి ఇంటికి వెళ్తాయి.

మన వీధిలోనూ మూడు నెలలుగా తలుపు దగ్గరేసి ఉన్న ఇల్లు ఒకటి ఉండొచ్చు. ఈ ఆదివారం ఆ తలుపు తట్టి, పళ్లు పెట్టి వచ్చేయకుండా, ఆమెను అడగాలి: "నేను ఇక్కడ కూర్చుంటానమ్మా, మీకు బయట పనులేమైనా ఉన్నాయా?"