ఆనకట్ట ఒక జిల్లాలో, ముంపు మరో జిల్లాలో

తిత్లీ, గులాబ్ వంటి తుపానులను ఎదుర్కొన్న మన ఉత్తరాంధ్ర అధికార యంత్రాంగానికి తుపాను పని బాగానే తెలుసు. కంట్రోల్ రూములు తెరుస్తారు, పునరావాస కేంద్రాలు గుర్తిస్తారు, బియ్యం, జనరేటర్లు ముందే చేరుస్తారు. అయితే ఆ ఏర్పాట్లే ఆనకట్ట తెగినప్పుడూ అక్కరకొస్తాయనే ధీమా నాకు లేదు. తుపాను రాక రోజుల ముందే తెలుస్తుంది. ఒడిశా కొండల్లో పడిన వాన కూడా నాగావళి మీదుగా మన దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. మట్టికట్ట మీదుగా నీరు పొర్లడం మొదలైతే మాత్రం అది కట్టను కోసుకుంటూ పోతుంది, దిగువ ఊళ్లకు వ్యవధి మిగలదు.

2021 నవంబరు 19న కడప జిల్లాలో జరిగింది ఇదే. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, అన్నమయ్య ప్రాజెక్టులో ఒక గేటు లేవలేదు, దాని మట్టికట్ట కూడా తెగి చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ల మీద పడింది. ఆ ఏడాది డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం, అప్పటికే ఉన్న పెద్ద ఆనకట్టలకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయడానికి యజమానులకు అయిదేళ్ల గడువిచ్చింది. (అంత గడువు ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.) అది 2026 డిసెంబరుతో తీరుతుంది.

మన దగ్గర చిక్కు ఇంకొకటి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టాక నాగావళి మీది తోటపల్లి పార్వతీపురం మన్యం జిల్లాలోకి, సువర్ణముఖి మీది మడ్డువలస విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. సువర్ణముఖి సంగం వద్ద నాగావళిలో కలుస్తుంది. ఆ నాగావళి శ్రీకాకుళం జిల్లాలోని బూర్జ, ఆమదాలవలస వైపుగా వచ్చి శ్రీకాకుళం పట్టణం గుండా సముద్రానికి పోతుంది. విపత్తు ప్రణాళిక మాత్రం జిల్లాకొకటి, ఒక్కో కలెక్టరు అధ్యక్షతన. అర్ధరాత్రి మడ్డువలస కట్ట జారితే, బూర్జ మండలంలోని సర్పంచికి ఫోను చేయవలసినది ఎవరు? ఇంజనీరు తన పై అధికారికి, ఆయన తమ కలెక్టరుకు, ఆయన పక్క జిల్లా కలెక్టరుకు, అక్కడి నుంచి ఆర్డీవోకు, తహసీల్దారుకు, వీఆర్వోకు చెప్పుకుంటూ వచ్చేసరికి నీరే ముందు చేరుతుంది.

అందుకే ప్రణాళిక జిల్లాకు కాదు, నదికి ఉండాలి. డ్యూటీలో ఉన్న ఇంజనీరే ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా దిగువ గ్రామ సచివాలయాలకు నేరుగా కబురు చెప్పగలగాలి. నీరు ఎంతసేపట్లో వస్తుంది, ఏ దారి మునుగుతుంది, ఏ మెరకకు చేరాలి అన్నది ముంపు పటంలో గుర్తించి, దానిని సచివాలయం గోడకు అతికించి, గ్రామసభలో చదివి వినిపించాలి. సెల్ టవర్లు పడిపోతాయి కనుక మైకు, టముకు కూడా సిద్ధంగా ఉండాలి.

పటం బయటపెడితే జనం బెదిరిపోతారని కొందరు అంటారు. కళింగపట్నం, భావనపాడు మత్స్యకారులు తుపాను హెచ్చరికలు వింటూనే బతుకుతున్నారు. విని పడవలు ఒడ్డుకు లాక్కుంటారే తప్ప ఊరు వదిలిపోలేదు. నాగావళి ఒడ్డు రైతుకు కూడా ఆ మాత్రం సమాచారం ఈ వానాకాలం లోపే చేర్చాలి.