కాలిపర్‌లో అలకపాన్పు ఎక్కిన పిస్టను అల్లుడుగారికి

మహారాజశ్రీ పిస్టను అల్లుడుగారి దివ్యసముఖానికి,

తమరూ తమ తమ్ముడుగారూ నా బండి ముందు చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో నొక్కి ఆపేవాళ్ళు, తమరు కాపురముండే రెండు గదుల ఇల్లే కాలిపర్. పై గదిలో తమ తమ్ముడుగారు క్షేమం. లివరు నొక్కితే వస్తున్నారు, వదిలితే వెళుతున్నారు. కింది గదిలో తమరే తలుపు బిడాయించుకుని పడుకున్నారు. మూడు ఆదివారాలుగా బతిమాలుతున్నాను. ఏం కావాలో చెప్పరు, ఉన్నచోటు నుంచి కదలరు. ఇంత మొండి అలక నా జీవితంలో ఇంకొక్కటే చూశాను. అది నాదే.

2004లో నా పెళ్ళినాడు నన్ను అలకపాన్పు మీద కూర్చోబెట్టారు. ఉంగరం తెస్తే ముఖం తిప్పుకున్నాను. గొలుసు తెస్తే గోడకేసి చూశాను. వెనక కూర్చున్న మా పెద్దనాన్న చెవిలో ఊదినట్టే, ముందు చక్రానికి డిస్కు బ్రేకున్న బండి కావాలన్నాను. అప్పటికి మా ఊళ్ళో తిరిగేవన్నీ డ్రమ్ము బ్రేకుల బళ్ళే. హోండా వాళ్ళు సీబీ 750కి ముందు డిస్కు పెట్టి 1969లోనే జనం మీదికి వదిలారు. ఆ వైభవం మా వీధికి రావడానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది, అదీ మా మామగారి ఖర్చుతో. ఆయన పల్లెత్తు మాట అనలేదు. రెండు పాడిగేదెలు అమ్మారు, చాలనిది సొసైటీలో అప్పు తెచ్చారు. అలా తమరు మా ఇంట అడుగుపెట్టారు. కాబట్టి తమరూ నేనూ ఒకే పాన్పు మీది వాళ్ళం.

2020లో బండిని పాకలో పెట్టి పట్టా కప్పిన మాట నిజం. మళ్ళీ తీయని మాటా నిజం. ఇప్పుడు మావాడికి పాత బళ్ళ మోజు పట్టుకుంది. పట్టా తీసి తోస్తే ముందు చక్రం సంతకు రానని మొరాయించిన దూడలా నేల పట్టుకుంది. ఎలాగో రెండు కిలోమీటర్లు నడిపి వచ్చి వేలు పెట్టి చూశాను. డిస్కు అట్లపెనంలా చుర్రుమంది. ప్యాడ్లు ఊడదీస్తే పైన ఒక మందం, కింద ఒక మందం, గొడ్డలి అంచులా వాలుగా అరిగి ఉన్నాయి. పట్టిన పట్టు వదలకపోవడం పెళ్ళిపందిట్లో మంచి గుణమేమో గానీ చక్రం దగ్గర కాదండీ.

మొదట మర్యాదగానే పిలిచాను. కాలిపర్‌ను డిస్కు మీంచి తప్పించి, నూనె గొట్టం ఊడదీయకుండా లివరు నొక్కాను. ఒత్తిడి నూనెలో అన్ని వైపులా సమానంగా పాకుతుందని పాస్కల్ సూత్రం బడిలో వల్లించిన వాణ్ణే. కానీ సమానంగా తోసినా ముందు కదిలేది కదలగలిగినవాడే. తమ తమ్ముడుగారు బుద్ధిమంతులు, పిలవగానే గుమ్మం దాకా వచ్చేశారు. ఇంకొంచెం నొక్కితే ఆయన బయట పడిపోయేవారు, ఆయన వెనకే నూనె అంతా కారిపోయేది, తమరిని తోసే దిక్కే ఉండేది కాదు. ఆయనకు మామిడి చెక్క అడ్డుపెట్టి క్లాంపు బిగించి, మళ్ళీ నొక్కాను. తమరు వెంట్రుకవాసి కదిలారు. అంతే. పలకరించినందుకు తలూపినట్టు.

తర్వాత స్నానం. రబ్బర్లు ఎలాగూ మార్చేవే కదా అని కాలిపర్‌ను విప్పి మరిగే నీళ్ళలో ముంచాను. అదేమో అల్యూమినియం, తమరేమో ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, గది కాస్త విశాలమవుతుంది, తమరు దిగివస్తారని ఆశ. దిగిరాలేదు. పులుసు గిన్నె మాత్రం వంటింటికి తిరిగి వెళ్ళలేదు. బ్రేక్ ఆయిల్ విషమని చెప్పి నేనే పాకలో దాచేశాను. దాని గురించి మా ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

పక్కింటాయన ప్లయరు పట్టుకొచ్చి మెడ పట్టి లాగేస్తానన్నాడు. వద్దన్నాను. రబ్బరు ఆనేది ఆ నున్నటి ఒంటి మీదే, దాని మీద గీత పడితే నూనె కారుతుంది. పంచరు షాపు కుర్రాడు గాలి కొడదామన్నాడు. అదింకా ప్రమాదం. గాలి నొక్కుకుని నొక్కుకుని ఉండి, పట్టు విడిన క్షణంలో తమరిని తూటాలా విసిరేస్తుంది. వేళ్ళు పోగొట్టుకోవడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు.

చివరికి ట్రాక్టరుకు గ్రీజు కొట్టే గన్ను తెచ్చాను. గొట్టం బిగించే రంధ్రం మరకు సరిపడే గ్రీజు నిపులు లేతు షాపులో చేయించి బిగించాను. గ్రీజు గాలిలా నొక్కుకోదు, ఎగిరిపడదు. చేత్తో కొట్టే ఆ చిన్న గన్ను చదరపు అంగుళానికి వేల పౌండ్లు తోస్తుంది. ఏడో దెబ్బకు లోపల టక్కుమంది. పదో దెబ్బకు తమరు పళ్ళు నూరుతూ, తుప్పు రంగు ఉంగరం తొడుక్కుని, బియ్యపుగింజంత బయటికి వచ్చారు. పాతికో దెబ్బకు పూర్తిగా దిగి నా చేతిలో పడ్డారు. ఆ గ్రీజు ఒక్క చుక్క మిగిలినా కొత్త రబ్బరు ఉబ్బిపోతుందట. దాన్ని కడగడానికి ఇంకో పూట పట్టింది, అదీ తమ ఖాతాలోనే.

ఇక్కడ తమరికి ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. టార్చిలైటు వేసి లోపల చూశాను. రబ్బరు ఉంగరం కూర్చునే గాడిలో, దాని వెనక, సున్నపు పెచ్చులాంటి తెల్లటి పదార్థం గట్టిగా పేరుకుపోయింది. తడి అల్యూమినియాన్ని తినేసి మిగిల్చిన బూడిద. అది వెనక నుంచి నెడుతుంటే రబ్బరు ముందుకు ఉబ్బి తమ మెడ చుట్టూ బిగిసింది. తమరిని వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగు ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఏమీ లేదు. ఆ రబ్బరే తమతోపాటు కాస్త మెలితిరిగి, లివరు వదలగానే మళ్ళీ సర్దుకుంటూ తమరిని వెనక్కి తెస్తుంది. ఆ రబ్బరే పీక పట్టుకుంటే తమరు ఎటు వెళతారు? అలిగింది తమరు కాదు. తమకూ ఒక పెద్దనాన్న ఉన్నాడన్నమాట, వెనకే కూర్చుని.

ఆ తడి ఎక్కడిదంటారా? బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమ పీల్చే గుణం ఉంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో నీరు నూటికి 3.7 పాళ్ళు చేరాక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలని ప్రమాణమే సర్దుకుపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. నేను పెళ్ళయినప్పటి నుంచి ఒక్కసారీ మార్చలేదు. గిన్నెలోకి వంచితే చిక్కటి కాఫీ డికాక్షనులా దిగింది. మామగారిచ్చిన బండిని తుడిచాను, ట్యాంకుకు మెరుగు పెట్టాను, అద్దంలో జుట్టు దువ్వుకున్నాను. బ్రేక్ ఆయిల్ మూత తీసి చూడలేదు.

తమ ఒంటిని గోరుతో గీరి చూశాను. రబ్బరు ఆనే చోటే తుప్పు తిన్న గుంటలు, గోరు తట్టుకుంటోంది. తమరిని మళ్ళీ కొలువులో పెట్టలేను, మన్నించాలి. కొత్త పిస్టన్లు, కొత్త రబ్బర్లు వేసి, కొత్త నూనె పోసి, నూనె గొట్టంలో చిక్కిన గాలి తీసేశాను. ఇప్పుడు లివరు గట్టిగా ఆనుతోంది, చక్రం వేలితో తిప్పితే తిరుగుతోంది.

తమరిని కడిగి తుడిచి అరుగు మీద పెట్టాను. మామగారు పడక కుర్చీలోంచి వంగి తమరిని తీసుకున్నారు. అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని లోపలి బోలు చూశారు.

"ఇదేనా అల్లుడుగారూ, మన రెండు గేదెలు?" అన్నారు.

ఇట్లు,
2004 నాటి అలకపాన్పు పెళ్ళికొడుకు

తా.క.: నూనె వంచేటప్పుడు ఒక చుక్క ట్యాంకు మీద పడి, రూపాయి బిళ్ళంత మేర రంగు లేచిపోయింది. అది మాత్రం తమ తమ్ముడుగారి ఖాతాలో రాశాను.